ఇంటి పులీ, ఈగపులీ

మొన్న ఆషాఢంలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. ఆ వేళప్పుడు మోగితే మా వయసువాళ్లకు గుండె ఝల్లుమంటుంది. చూస్తే మా మనవరాలు. హైదరాబాదులో అద్దె ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది, తోడుగా జున్ను అనే పిల్లి.

"తాతయ్యా, బాత్రూం తలుపు వెనకాల సాలీడు! అరచెయ్యంత ఉంది. జున్ను దాన్నే చూస్తూ కూర్చుంది. అది జున్నును కుడితే? జున్ను దాన్ని మింగేస్తే?"

వీడియోలో చూపించమన్నాను. బొమ్మ అటూ ఇటూ ఊగిపోతోంది, చెయ్యి అంతలా వణుకుతోంది మరి. ఆ ఊగులాటలోనే తన రెండో చేతిలో బొద్దింకల మందు స్ప్రే డబ్బా కనిపించింది. నాకు భయం వేసింది ఆ డబ్బాను చూసి.

"ముందు అది కింద పెట్టు తల్లీ. జున్నును ఎత్తుకెళ్లి పడగ్గదిలో ఉంచి తలుపు వెయ్యి. సాలీడు సంగతి తరవాత చూద్దాం" అన్నాను.

నా భయానికి కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట మా ఇంట్లో కుక్కా పిల్లీ రెండూ ఉండేవి. కుక్కకు గోమార్లు పడితే మెడ మీద చుక్కలుగా వేసే మందు తెచ్చాను. కాస్త మిగిలింది. పిల్లి కూడా గోక్కుంటోంది కదా అని ఆ మిగిలిన నాలుగు చుక్కలూ దాని మెడ మీద వేశాను. అట్ట మీద ఏం రాసి ఉందో చదవలేదు. సాయంత్రానికల్లా దాని చెవులు, మీసాలు అదరడం మొదలైంది. ఆ తరవాత ఒళ్లంతా వణుకు, నోటి వెంట చొంగ. పశువుల డాక్టరుగారు రెండు రాత్రులు దగ్గరుండి చూడబట్టి దక్కింది. ఆ రెండు రాత్రులూ నేను కన్ను మూయలేదు.

ఆ మందులో ఉండేది పెర్మెత్రిన్. బొద్దింకలకూ దోమలకూ కొట్టే చాలా స్ప్రేల్లో, చీమలకు గీసే చాక్‌పీసుల్లో ఉండేవి దాని దాయాదులే. వీటన్నిటికీ మూలం చామంతి కుటుంబంలోని ఒక తెల్లపువ్వు. ఆ పువ్వులను ఎండబెట్టి పొడి చేస్తే పురుగులు చస్తాయని చాలాకాలం కిందటే కనిపెట్టారు. అందులోని సారాన్ని పోలిన మందులను తరవాత ప్రయోగశాలల్లో తయారు చేశారు. నరం వెంట కబురు వెళ్లాలంటే సోడియం కోసం బుల్లి బుల్లి తలుపులు తెరుచుకుని, చటుక్కున మూసుకోవాలి. ఈ మందు వాటిని మూసుకోనివ్వదు. నరం ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. అదే ఆ వణుకు.

మరి కుక్కకు ఏమీ కాలేదేం? మనకెందుకు కాదు? ఎంగిలి గిన్నెకు పట్టిన నూనెజిడ్డు ఉత్తి నీళ్లకు వదలదు, సబ్బు పట్టిస్తే వదులుతుంది. కాలేయం చేసేదీ దాదాపు అలాంటి పనే. నీళ్లలో కరగని విషాలకు చక్కెర జాతికి చెందిన గ్లూకురోనిక్ ఆమ్లాన్ని అంటిస్తుంది. అప్పుడవి నీళ్లలో కరిగి మూత్రంలో పోతాయి. పిల్లి కాలేయంలో ఆ అంటించే పనిముట్లలో ముఖ్యమైనది పాడైపోయి ఉంది. ఇంటిపిల్లికే కాదు, పులికీ సింహానికీ చిరుతకూ కూడా అంతే. లక్షల ఏళ్లుగా మాంసం తప్ప మరొకటి ముట్టని జాతి కావడంతో ఆకుల్లో, కాయల్లో ఉండే విషాలతో వాటికి పని పడలేదు. వాడని పనిముట్టు తుప్పు పట్టింది.

మన జ్వరం మాత్ర, అదే పారాసిటమాల్, ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. ఫినాయిల్‌తో తుడిచిన నేల, బీరువాలో వేసే కలరా ఉండలు, కర్పూరం, ఇవన్నీ దానికి పడనివే. సాలీళ్లు రాకుండా పుదీనా నూనె, యూకలిప్టస్ నూనె చల్లమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పిల్లి ఉన్న ఇంట్లో ఆ సలహా వినకండి. పిల్లి రోజులో చాలాసేపు ఒళ్లు నాక్కుంటూనే గడుపుతుంది. నేల మీద పడిందల్లా పాదాలకు అంటి, నాలుక మీదుగా కడుపులోకి చేరుతుంది. పొరపాటున మందు ఒంటి మీద పడితే, పిల్లి తెలివిగా ఉంటే, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వణుకు మొదలైతే కడుగుతూ కూర్చోకుండా పరుగెత్తాలి. పాలు తాగించడం, కక్కించడం చెయ్యకూడదు.

ఇక ఆ తలుపు వెనకాల ఉన్న పెద్దమనిషి సంగతి. బల్లపరుపు ఒళ్లు, గోధుమరంగు, ఎండ్రకాయలా పక్కలకు చాచిన కాళ్లు. గూడు కట్టదు, తిరిగి వేటాడుతుంది. ఇంగ్లీషువాళ్లు హంట్స్‌మన్ అంటారు, వేటగాడు అని. శాస్త్రీయ నామం హెటెరోపోడా వెనటోరియా. లిన్నేయస్ 1767లోనే దానికి పేరు పెట్టాడు. ఓడల్లో అరటిగెలల మధ్య దాక్కుని వేడిదేశాలన్నీ చుట్టేసింది. ఒళ్లు పల్చన కాబట్టి ఫొటో ఫ్రేము వెనకా, తలుపు సందులోనూ ఇమిడిపోతుంది. ఒక్కోసారి దాని కడుపు కింద పాత పావలా బిళ్లంత తెల్లటి గుండ్రటి సంచి కనిపిస్తుంది. అది గుడ్ల సంచి. తల్లి దాన్ని వదలకుండా మోస్తూ తిరుగుతుంది.

"సాలీడు కుట్టదు తల్లీ, కరుస్తుంది. అదీ మనం చేత్తో నొక్కితే. దానికి కావలసింది బొద్దింక" అన్నాను. "నీ ఇంట్లో బొద్దింకలు ఉన్నాయా?"

కాసేపు మాట్లాడలేదు. "జున్ను గిన్నె దగ్గర రాత్రిళ్లు తిరుగుతాయి" అంది.

అదీ సంగతి! జున్ను కోసం రాత్రంతా గిన్నెలో మేత వదిలేస్తోంది. ఆ వాసనకు బొద్దింకలు వస్తున్నాయి. బొద్దింకల కోసం వేటగాడు వచ్చాడు. స్ప్రే కొట్టి ఇతన్ని చంపినా, వచ్చే వారం ఇంకొకరు వస్తారు, గిన్నె అక్కడే ఉంది కాబట్టి. మా అమ్మ పాలగిన్నెకు చీమలు పట్టకుండా నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టేది. జున్ను గిన్నెకూ అదే చెయ్యమన్నాను. పడుకునే ముందు మిగిలింది తీసెయ్యమన్నాను. బాత్రూం తూముకు సన్నరంధ్రాల జాలీ, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, బాల్కనీ లైటు పనిలేనప్పుడు ఆర్పడం. లైటుకు పురుగులు, పురుగులకు సాలీళ్లు.

ఆ రాత్రికి మాత్రం సాలీడును బయటికి పంపాలి. "స్వీట్ల డబ్బా ఉందా, పెద్ద మూతిది? గట్టి అట్ట ఏదైనా?" అని అడిగాను. ఈమధ్య వచ్చిన పెళ్లి శుభలేఖ ఉందంది. అంతకంటే మంచిది లేదు. సాలీడు కాళ్ల మీద గాలి కదలికను పసిగట్టే సన్నని వెంట్రుకలుంటాయి. విసురుగా వస్తే పారిపోతుంది, మెల్లగా వస్తే కదలదు. డబ్బాను నెమ్మదిగా గోడకు ఆనించి, శుభలేఖను గోడకూ డబ్బాకూ మధ్య కొంచెం కొంచెంగా జరపాలి, కాళ్లు నలక్కుండా చూసుకుంటూ. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. నేను ఫోను పెట్టెయ్యలేదు. చివరికి మెట్ల దగ్గర కుండీలో వదిలి వచ్చింది.

ఆ భయాన్ని నేను తక్కువ చేసి చూడను. 2017లో జర్మనీ, స్వీడన్ పరిశోధకులు ఆరునెలల పసిపిల్లలకు బొమ్మలు చూపించారు. పువ్వు బొమ్మ చూసినప్పటికంటే సాలీడు బొమ్మ చూసినప్పుడు పిల్లల కంటిపాపలు పెద్దవయ్యాయి. ఇంకా మాట రాని, సాలీడంటే ఏమిటో ఎవరూ చెప్పని పిల్లలు! కాబట్టి "ఇంత పెద్దదానివి, పురుగుకు భయమేమిటి" అని ఎవరినీ అనకూడదు. అలా అంటే భయం పోదు, చెప్పుకోవడం మానేస్తారంతే. దాన్ని తగ్గించే దారి ఒకటుంది. స్వీడన్‌కు చెందిన లార్స్ గోరన్ ఓస్ట్ 1989లో ఆ పద్ధతిని వివరించాడు. ఒకే పూట, మహా అయితే మూడు గంటలు. దూరం నుంచి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా సాలీడుకు దగ్గరవ్వడం. ప్రతి మెట్టులోనూ గుండెదడ దానంతట అదే తగ్గేదాకా ఆగడం, బలవంతం లేకుండా. భయం మరీ ఎక్కువైతే దీన్ని మనస్తత్వ నిపుణుల దగ్గరే చెయ్యాలి.

శ్రావణంలో నేను అక్కడికి వెళ్లి పది రోజులున్నాను. పైకప్పు మూల బూజులో పొడుగుకాళ్ల సాలీడు ఒకటి చచ్చి వేలాడుతుంటే, దాన్ని కాగితం మీద పెట్టి తనను పిలిచాను. బతికున్నదాని దగ్గరికి రాలేని మనిషి చచ్చినదాని దగ్గరికి మూరెడు దూరం దాకా వచ్చింది.

"కాళ్లన్నీ ఎందుకలా ముడుచుకుపోయాయి?" అంది.

మంచి ప్రశ్న. మన మోచేతికి మడిచే కండ వేరు, చాచే కండ వేరు. సాలీడు కాలిలో ముఖ్యమైన కీళ్ల దగ్గర మడిచే కండలే ఉన్నాయి, చాచేవి లేవు. మరి కాలు ఎలా చాస్తుంది? జేసీబీ చెయ్యి చాచినట్టు. అక్కడ గొట్టంలోకి నూనెను ఒత్తిడితో పంపుతారు, ఇక్కడ సాలీడు తన నెత్తురునే కాళ్లలోకి నెడుతుంది. ప్రాణం పోగానే ఆ ఒత్తిడి పోతుంది, కాళ్లు లోపలికి ముడుచుకుంటాయి. ఆ నెత్తురు కూడా ఎర్రగా ఉండదు. మన నెత్తుటిలో ఇనుము ప్రాణవాయువును మోస్తే, దాని నెత్తుటిలో రాగి మోస్తుంది. అందుకే లేత నీలిరంగు.

ఆ మూలనే బతికున్నది ఇంకొకటి ఉంది. బూజుకర్ర కొసతో గూడును తాకించాను. సాలీడు గిరగిరా ఊగి, మసకగా, గీతలు గీతలుగా అయిపోయింది. "అది నిన్ను భయపెట్టడం లేదు, నీకు భయపడి కనిపించకుండా పోవాలని చూస్తోంది" అన్నాను. అది దోమలను బాగా పడుతుంది. ఆ ఒక్క మూలా వదిలి మిగతా బూజంతా దులిపాం.

విషం గట్టిగా ఉన్నవి మన వైపు లేవా అని అడిగింది. కరిస్తే బాగా నొప్పిపెట్టేవి ఉన్నాయి, కానీ అవి అడవిలో చెట్టు తొర్రల్లో ఉంటాయి, బాత్రూముల్లో కాదు. వాటిలో ఒకదాన్ని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. 1899లో గుత్తి రైల్వే కలప అడితిలో దొరికిన ఒకే ఒక్క ఆడ సాలీడును చూసి పోకాక్ అనే శాస్త్రవేత్త దాని వివరాలు రాశాడు. నీలమణిలా మెరిసే నీలిరంగు. ఆ తరవాత నూరేళ్లు అది ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ దొరికింది. కట్టెల కోసం చెట్లు కొట్టడం వల్ల, ఆ రంగు కోసం పట్టి అమ్మడం వల్ల ఇప్పుడు అంతరించే అంచున ఉంది. ప్రపంచమంతా దాన్ని గుత్తి పేరుతోనే పిలుస్తుంది. గుత్తి దాటి రైల్లో వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

జున్ను సంగతి చెప్పలేదు కదూ. ఇంటి సాలీడును పిల్లి మింగినా మామూలుగా ఏమీ కాదు. విషం నెత్తుటిలో కలిస్తేనే పని చేస్తుంది, కడుపులో పడితే మాంసంతో పాటే అరిగిపోతుంది. మూతి వాచినా, చొంగ కారుతున్నా డాక్టరుకు చూపించాలి. నాకు అంతకంటే బల్లి బెంగ ఎక్కువ. కొన్ని బల్లుల్లో ఉండే ఒక పరాన్నజీవి పిల్లి కాలేయంలో చేరి కాపురం పెడుతుంది.

పది రోజులూ నేను ఇష్టంగా చూసింది జున్ను వేట. పొట్ట నేలకు ఆనించి, ఒక్కో అడుగూ కొలిచి వేస్తుంది. తీరా మూతి దగ్గరికి వచ్చాక సాలీడును పోగొట్టుకుని వెతుక్కుంటుంది. జానెడు దూరం లోపల పిల్లి కన్ను సరిగ్గా ఆనదు. అక్కడి నుంచి మీసాలే ముందుకు వాలి తడుముతాయి.

అదే సమయంలో వంటింటి కిటికీ మీద మరొకటి అచ్చం అలాగే వేటాడుతోంది, వేలిగోరంత సాలీడు, ఈగపులి. ఈగ కదిలితే ఆగుతుంది, ఈగ ఆగితే జరుగుతుంది. దగ్గరికి వచ్చాక దారం కొసను గాజుకు అతికించి ఒక్క దూకు. గురి తప్పినా దారానికి వేలాడి మళ్లీ పైకెక్కుతుంది. ఈ జాతిని ఏళ్ల తరబడి గమనించిన హార్లండ్, జాక్సన్ అనే ఇద్దరు 2000లో రాసిన వ్యాసానికి "ఎనిమిది కాళ్ల పిల్లులు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మనవాళ్లు ఎప్పుడో పులి అనేశారు. ఆ మాట చెప్పాక తను కుర్చీ లాక్కుని కిటికీకి రెండు మూరల దూరంలో కూర్చుంది. జున్ను ఒళ్లో ఉంది. ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.

పెద్ద సాలీడంటే తనకు ఇప్పటికీ భయమే. స్వీట్ల డబ్బా, శుభలేఖ బాత్రూం అలమరలో ఉన్నాయి. నిన్న సాయంత్రం మాత్రం ఫోను చేసి, "తాతయ్యా, ఈగపులి కళ్లు నల్లగా ఉంటాయా, గోధుమరంగులో ఉంటాయా? ఇందాక ఒకలా కనిపించాయి, ఇప్పుడు ఒకలా ఉన్నాయి" అంది.

ముందున్న రెండు పెద్దకళ్లదీ ఆ వింత. పైన అద్దం కదలదు, వెనకాల గొట్టం లోపల కంటిపొర కదులుతుంది. ఆ పొర మనవైపు తిరిగితే కన్ను నల్లగా కనిపిస్తుంది, పక్కకు తిరిగితే రంగు తేలిపోతుంది.

"అయితే నల్లగా ఉన్నప్పుడు?"

"నిన్నే చూస్తోందన్నమాట."

ఫోను పెట్టెయ్యలేదు. అవతల జున్ను గుర్రుమనడం వినిపిస్తూనే ఉంది.