పైన పరుపు, ఆపైన స్లాబు

"బాపూ, నాగ్గూడా గసొంటి మంచం చేపియ్యరాదూ!"

కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో తొమ్మిదో తరగతి బిడ్డ ఫోన్ ముందుకు చాపి ఇలా అడిగితే, తెర మీద కనిపించేది చాలాసార్లు లాఫ్ట్ బెడ్డే. పైన పరుపు, ఎక్కడానికి నిచ్చెన, కింద చదువుకునే టేబుల్. అడగడంలో తప్పేం లేదు. సర్కారు కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు మొత్తం 560 చదరపు అడుగులు. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, రెండు బాత్‌రూంలు అన్నీ అందులోనే. పిల్లల చదువుల కోసం ఊరొదిలి కరీంనగర్‌కొచ్చి కిరాయికున్న వాళ్ల పోర్షన్లూ పెద్ద విశాలమేం కావు. మంచం, బీరువా వేశాక పిల్ల మసలడానికి మిగిలేది సందే.

అందుకే తండ్రి టేపు పట్టుకుని నేల కొలుస్తాడు. కొలవాల్సింది పైకప్పు.

పదడుగుల ఎత్తు గది అనుకుందాం, అంటే 120 అంగుళాలు. కింద కుర్చీ వేసుకుని చదవాలంటే మంచం అడుగుభాగం ఐదడుగుల ఎత్తులోనైనా ఉండాలి. చట్రం, పరుపు కలిసి ఇంకో పది అంగుళాలు. 70 అయింది. ఎదుగుతున్న పిల్ల దాని మీద నిటారుగా కూర్చుంటే తల 105 అంగుళాల దాకా వెళ్తుంది. స్లాబుకు ఇంకా అడుగు పైన జాగా ఉందని సంబరపడేలోపు ఫ్యాను గుర్తుకు రావాలి. దాని రెక్కలు తిరిగేదీ ఇంచుమించు ఆ ఎత్తులోనే.

మామూలు సీలింగ్ ఫ్యాను వెడల్పు 1200 మిల్లీమీటర్లు, దగ్గర దగ్గర నాలుగడుగులు. పది బై పది గది నడుమ బిగిస్తే రెక్క కొస గోడకు మూడడుగుల దూరంలో తిరుగుతుంది. గోడ వారగా వేసిన సింగిల్ మంచం వెడల్పూ మూడడుగులే. తొమ్మిది బై తొమ్మిది గదైతే రెక్క అరడుగు మంచం మీదికే వచ్చేస్తుంది. పొద్దున్నే లేచి ఒళ్లు విరుచుకోవడానికి, దుప్పటి దులపడానికి అది చోటు కాదు. సీలింగ్ ఫ్యాను తీసేసి, జాలీ ఉన్న వాల్ ఫ్యాను ఎదురు గోడకు పెట్టడానికి ఒప్పుకున్నాకే మంచం సంగతి మాట్లాడాలి.

ఇక ఎండ. ఆదిలాబాద్, జగిత్యాల, రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఎవరికీ వార్త కాదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. వేడిగాలి చేరేదీ పైకే. జొన్నచేను కావలికి వేసిన మంచె మీద హాయిగా నిద్ర పడుతుందంటే పైన స్లాబు లేదు, చుట్టూ గోడల్లేవు. గదిలో కట్టిన మంచెకు ఆ రెండూ ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిన మాట నిజమే, స్లాబు మీద తెల్లటి కూల్ పెయింట్ వేస్తే కొంత ఉపశమనమూ ఉంటుంది. అయినా మీది పై అంతస్తయితే ఈ మంచం వద్దనే నా మాట. మీ నెత్తిన ఇంకొకరి ఇల్లుంటే ఆలోచించవచ్చు. ఆదిలాబాద్ చలికి పైన పడుకుంటే వెచ్చగా ఉంటుందనే వాళ్లూ ఉన్నారు. ఉంటే ఉండొచ్చు, ఎన్ని నెలలు?

చేయించేటట్టయితే స్క్వేర్ పైపుతో వెల్డింగ్ షాపులోనే చేయిస్తారు. టేకు ఆదిలాబాద్ అడవిదే అయినా ధర మనకు అందేది కాదు. కిరాయి ఇంటి ఓనరు వాల్ ఫ్యానుకు సరేనన్నా మంచాన్ని గోడకు బిగించనివ్వడు కాబట్టి బరువంతా నాలుగు కాళ్ల మీదే నిలవాలి. కాళ్ల మధ్య అడ్డపట్టీలు లేకపోతే పిల్ల పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా మంచం ఊగుతుంది. పిల్ల కింద పడకుండా మంచం పక్కన పెట్టే కటకటాల విషయానికొస్తే, అమెరికా బంక్ బెడ్ నిబంధనలు పరుపు పైభాగం కన్నా కనీసం ఐదంగుళాలు ఎత్తుగా ఉండాలంటాయి. పెద్దపిల్లలకు ఇంకాస్త ఎక్కువున్నా నష్టం లేదు. నాలుగంగుళాల పరుపును లెక్కేసుకుని కటకటాలు పెట్టించి, తర్వాత మెత్తగా ఉంటుందని ఎనిమిదంగుళాల పరుపు వేస్తే ఆ రక్షణ పోయినట్టే.

ఆ గది ఎవరెవరిదన్నది ఇంకో చిక్కు. ఊరి నుంచి బాపమ్మ వస్తే ఎక్కడ పడుకుంటుంది? జ్వరమొచ్చిన రాత్రి పిల్ల నిచ్చెన ఎలా దిగుతుంది? పైన దోమతెర ఎక్కడ కడతారు? అన్నిటికన్నా ముఖ్యం, ఆ పిల్ల ఇంట్లో ఉండేది ఎన్నాళ్లు? పది పాసయి బాసర ట్రిపుల్ ఐటీలో సీటొస్తే అక్కడే ఆరేళ్ల చదువు. ఇంటర్‌కని హైదరాబాద్ హాస్టల్‌కు పోయినా అంతే. తొమ్మిదో తరగతిలో చేయించిన మంచం రెండేళ్లకే బట్టలారేసుకునే దండెమవుతుంది.

మధ్యేమార్గం ఒకటుంది. పరుపును నాలుగడుగులకు కాస్త పైన ఆపి, కింద సూట్‌కేసులకు, బొంతలకు, పుస్తకాలకు అరలు చేయించడం. కూర్చున్నా తల ఫ్యానుకు దూరంగానే ఉంటుంది, మెట్లు మూడు చాలు. చదువుకునే టేబుల్‌కు మాత్రం వేరే చోటు చూసుకోవాలి, కిటికీ పక్కనైతే వెలుతురూ దక్కుతుంది.

ఎత్తు మంచమే కావాలని పట్టుబడితే వెల్డింగ్ ఆయనకు ముందే చెప్పి పెట్టండి: కాళ్లను అతకొద్దు, నట్టు బోల్టులతో బిగించాలి అని. పిల్ల హాస్టల్‌కు పోయిన రోజు కాళ్లు విప్పి పొట్టివి వేస్తే అదే బాపమ్మ మంచం.