తూకం చూపని కొవ్వు

వైద్య శిబిరాల్లో ముందుగా ఎత్తు, బరువు చూస్తారు. కిలోల బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగించి, బీఎంఐ ఇంత అని చీటీ మీద రాస్తారు. పక్కన 'నార్మల్' అని ఉంటే నిశ్చింతగా ఇంటికి వస్తాం. మన వాళ్ల విషయంలో ఆ నిశ్చింత చాలాసార్లు తొందరపాటే.

ఈ లెక్కకు ఆద్యుడు 19వ శతాబ్దపు బెల్జియం గణితవేత్త కెట్లే. ఆయన వైద్యుడు కాదు, ఊబకాయం ఆయన విషయమూ కాదు. 'సగటు మనిషి' కొలతలు తెలుసుకోవాలన్నదే ఆయన తపన. దానికి బీఎంఐ అనే పేరు 1972లో ఆన్సెల్ కీస్ బృందం పెట్టింది. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అన్న హద్దులు ఎక్కువగా పాశ్చాత్యుల లెక్కల మీద ఏర్పడినవి.

బరువు ఎంతో బీఎంఐకి తెలుసు, ఆ బరువు దేనిదో తెలియదు. మన షార్ నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ-ఎక్స్‌ఎల్ బరువు 320 టన్నులు. అందులో అధిక భాగం ఇంధనమేనని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. మన ఒంటి బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అని మాత్రం అడగం.

2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో వచ్చింది. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా కనిపించే భారతీయుడికి షుగర్ ఎందుకు వస్తుందో ఆ ఒక్క ఫొటో చెబుతుంది. మనకు కొవ్వు పొట్టలో, కాలేయం చుట్టూ చేరుతుంది.

అందుకే 2009లో మన దేశపు నిపుణులు హద్దులు తగ్గించారు. 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. 165 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువున్న మనిషి బీఎంఐ 23.5. పాత లెక్కలో నార్మల్, మన లెక్కలో కాదు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లకు లోపే ఉండాలన్నారు. 2025 జనవరిలో లాన్సెట్ నిపుణుల సంఘం కూడా బీఎంఐ ఒక్కటే చూసి ఊబకాయం తేల్చవద్దని చెప్పింది.

మరి కొవ్వునే నేరుగా కొలవకూడదా? కొలవవచ్చు. మగవారికి 25, ఆడవారికి 30 శాతం దాటితే ఎక్కువని మన పరిశోధకులు సాధారణంగా లెక్కిస్తారు. కానీ ప్రపంచమంతా ఒప్పుకున్న అంకె ఏదీ లేదు. డెక్సా స్కాన్ పెద్ద సంస్థల్లోనే దొరుకుతుంది. కాళ్లు మోపితే కొవ్వు శాతం చూపే చిన్న యంత్రాలు ఒంట్లోకి సన్నని కరెంటు పంపి అంచనా వేస్తాయి. ఒంట్లో నీరు తగ్గితే ఆ అంచనా తప్పుతుంది. రోజా ఉన్నరోజు సాయంత్రం చూసుకుంటే లేని కొవ్వు కూడా చూపవచ్చు.

మనకు అందుబాటులో ఉన్నది దర్జీ టేపే. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. ప్యాంటు సైజు చెబితే కుదరదు, పొట్ట పెరిగిన వాళ్లం ప్యాంటును దాని కిందికి దించి కట్టుకుంటాం కదా!

మన సంఘం శిబిరాల్లో తూకం యంత్రం పక్కన ఒక టేపు పెట్టించాలని నా మనవి. అమ్మీలు, చెల్లెళ్లు బుర్ఖా పైనుంచి కొలిపించుకుంటే ఆ అంకెకు విలువ లేదు. ఒక పరదా, కొలవడానికి ఒక నర్సమ్మ ఉంటే చాలు. ఈ హద్దులు పెద్దలకే. గర్భిణులకు వర్తించవు, పిల్లలకు వేరే పట్టికలున్నాయి.