పేరులో దాగిన పోగు

‘కాట్’ అని వినగానే కాటనే అనుకున్నాను. వేసవికని మా అమ్మాయికి టెరికాట్ గౌను కొని, కాటన్‌కి పెట్టే వేడితోనే ఇస్త్రీ చేశాను. గుడ్డ కాస్తా ఇస్త్రీపెట్టెకి అంటుకుపోయింది!

అప్పుడు పేరు విడదీసి చూశాను. టెరిలిన్‌లోని ముందు ముక్క, కాటన్‌లోని ముందు ముక్క. టెరిలిన్ అంటే 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన పాలియెస్టరే. జీన్స్, లెగ్గింగ్స్ కలిపి ‘జెగ్గింగ్స్’ అన్నదీ ఇలాగే. ఇలాంటి అతుకుమాటల్ని ‘పోర్ట్‌మాంటో’ అన్నది 1871 నాటి ‘ఆలిస్’ కథలో లూయిస్ కరోల్. అంటే రెండు అరల పెట్టె.

ప్రకటనల్లో ఈ పేర్లు ముద్దుగానే ఉంటాయి. కానీ పాలియెస్టర్ మంటకి కరిగి ఒంటికి అంటుకుంటుంది. అందుకే వంటింట్లో కట్టే చీర కొనేటప్పుడు పేరు చూసి మురిసిపోకండి. కాటన్ ఎంత శాతమో అడగండి.