దిల్లీ ఇళ్లలో చెమ్మ: మేలో పనికొచ్చిన కూలర్ జులైలో ఎందుకు పనిచేయదు?

మే నెలంతా హాయిగా నిద్రపట్టించిన కూలరే జులై వచ్చేసరికి గదిని ఉక్కబెడుతుంది. పరుపు తడితడిగా తగులుతుంది. అల్మారాలోని బెల్టులకు, చెప్పులకు ఫంగస్ పడుతుంది. గోడ అడుగున పెయింట్ పెచ్చులుగా ఊడుతుంది. ఓల్డ్ రాజిందర్ నగర్, ముఖర్జీ నగర్ అద్దె గదుల్లో సివిల్స్‌కు చదువుకునే తెలుగు విద్యార్థుల నుంచి నోయిడా, గురుగ్రామ్ అపార్టుమెంట్లలోని కుటుంబాల వరకు చాలామందికి ఇది అనుభవమే.

విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల నుంచి వెళ్లినవారికి ఉక్కపోత కొత్త కాదు. కానీ అక్కడ గాలిలో తేమ దాదాపు ఏడాదంతా ఉంటుంది. దిల్లీలో మాత్రం ఎండు వేసవి నుంచి వానాకాలానికి కొన్ని వారాల్లోనే మారిపోతుంది. 2024 మే 29న సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 46.8 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. సరిగ్గా 30 రోజుల తర్వాత, జూన్ 28 ఉదయానికి అక్కడే 24 గంటల్లో 228.1 మిల్లీమీటర్ల వాన పడింది. కాబట్టి ఒక నెలలో మేలు చేసిన అలవాటు మరుసటి నెలలో కీడు చేయవచ్చు.

కూలర్ లెక్క

నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది. కూలర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. బయట 42 డిగ్రీల ఎండ, 15 శాతం తేమ ఉంటే, ఆవిరి ద్వారా గాలి సుమారు 22 డిగ్రీల దాకా చల్లబడే వీలుంది. మామూలు కూలర్ అంత దూరం వెళ్లలేకపోయినా 27 డిగ్రీల దగ్గరికి తేగలదు. అదే జులైలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే ఆ హద్దు 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంటే కూలర్ తగ్గించేది మూడు డిగ్రీలే. దానికి బదులుగా గదిలోకి మరింత నీటిఆవిరిని వదులుతుంది. చెమట ఆరదు.

వానాకాలం మొదలయ్యాక కూలర్‌లో నీటి పంపు ఆపేసి ఫ్యాన్‌గా మాత్రమే వాడుకోవడం మేలు. ఏసీ ఉంటే అది గాలిలోని తేమను నీరుగా మార్చి బయటికి పంపుతుంది. అయితే కంప్రెసర్ నడిచినంతసేపే ఆ పని జరుగుతుంది. చిన్న గదికి పెద్ద ఏసీ పెడితే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మిగిలిపోతుంది. అలాంటప్పుడు 'డ్రై మోడ్' ఉపయోగపడుతుంది.

గోడ చెమ్మ ఎక్కడిది?

దిల్లీలో 'సీలన్' అనే గోడ చెమ్మకు మూడు కారణాలుంటాయి. మూడింటికీ మందు వేర్వేరు.

మొదటిది నేల నుంచి ఎక్కే చెమ్మ. ఇటుక నీటిని పైకి పీల్చుకుంటుంది. నీటితోపాటు వచ్చిన లవణాలు గోడ మీద తెల్లగా తేలుతాయి. ఇది ఎక్కువగా గ్రౌండ్ ఫ్లోర్‌లలో, బేస్‌మెంట్లలో, గోడ కింది మూడు నాలుగు అడుగుల మేర కనిపిస్తుంది. దాని మీద గాలి ఆడని పెయింట్ వేస్తే నీరు లోపలే చిక్కి, కొన్నాళ్లకు పెయింట్ బుడగలు కట్టి ఊడుతుంది. నీరు పైకి రాకుండా గోడ అడుగున అడ్డుపొర వేయడమే అసలు మరమ్మతు.

రెండోది పైకప్పు పగుళ్ల నుంచో, పైఅంతస్తు బాత్రూం పైపుల నుంచో కారే నీరు. మరక ఒకచోట మొదలై విస్తరిస్తుంది. లీకేజీని ఆపకుండా లోపల ఎంత పూసినా ఫలితం ఉండదు.

మూడోది ఇంట్లోని ఆవిరే చల్లటి గోడ మీద నీరుగా మారడం. ఒక మనిషి ఊపిరి, చెమట ద్వారా రోజుకు సుమారు లీటరు నీటిని గాలిలోకి వదులుతాడు. కిలో వంటగ్యాస్ మండితే దాదాపు కిలోన్నర నీటిఆవిరి వస్తుంది. గదిలో బట్టలు ఆరేస్తే ఆ నీరంతా గాలిలోకే చేరుతుంది.

తేడా తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. గోడను తుడిచి ఆరనిచ్చి, అడుగు వెడల్పు ప్లాస్టిక్ షీటును అంచుల చుట్టూ టేపుతో అతికించాలి. రెండు రోజుల తర్వాత షీటుకు గది వైపు తడి ఉంటే అది ఇంట్లోని ఆవిరి. గోడ వైపు ఉంటే నీరు గోడలోంచి వస్తోందని అర్థం.

చలికాలపు చిక్కు

డిసెంబర్, జనవరిలో సమస్య మళ్లీ మారుతుంది. గది 18 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే, 10 డిగ్రీలకు చల్లబడిన ఏ కిటికీ అద్దం మీదైనా నీటి చుక్కలు కడతాయి. బయట పొగమంచు ఉన్నా ఆ గాలిలో నీరు నిజానికి తక్కువ. లోపలికి వచ్చి వేడెక్కితే అది పొడిగాలే. కాబట్టి కిటికీ తెరిస్తే చెమ్మ తగ్గుతుంది.

కానీ దిల్లీలో చలికాలమంటే కాలుష్య కాలం కూడా. మధ్యాహ్నం ఎండ కాసినప్పుడు కాలుష్యం సాధారణంగా కొంత తగ్గుతుంది కాబట్టి అప్పుడు పది పదిహేను నిమిషాలు కిటికీలు తెరవడం మధ్యేమార్గం. స్నానం, వంట సమయంలో, ఆ తర్వాత కాసేపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడపాలి. మంచాన్ని, అల్మారాను బయటి గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా జరపాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

ఎంత తేమ ఉండాలి?

ఇంట్లో 40 నుంచి 60 శాతం మధ్య తేమ ఉండటం మంచిదని సాధారణంగా చెబుతారు. చెమ్మ, ఫంగస్ ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాస సమస్యలు ఎక్కువగా కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పెయింటర్‌ను పిలిచే ముందు దాన్ని, ఆ ప్లాస్టిక్ షీటును వాడి చూస్తే, ఏటా అదే గోడకు మళ్లీ మళ్లీ పెట్టే ఖర్చు తప్పవచ్చు. అద్దెకుండేవారికైతే మరమ్మతు తమ బాధ్యతా, యజమానిదా అన్న వాదనలో అది చేతిలో ఉండే ఆధారం కూడా.