పెద్ద బిల్లు కట్టేటప్పుడు: ఆర్.టి.జి.ఎస్.నా, డి.డి.నా?



ఆపరేషన్ డబ్బు నడుముకు కట్టుకొని, వార్డు ముందు రాత్రంతా మేలుకొని కూర్చున్న తండ్రులను చూశాను. దయచేసి అంత నగదు తేవద్దు. పైగా ఒకరి నుండి ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం 2017 ఏప్రిల్ 1 నుండి చట్టరీత్యా నిషేధం. మరి ఏ పద్ధతి మేలు?

ఆర్.టి.జి.ఎస్.: 2 లక్షలు, ఆపై మొత్తాలకు ఇది. అంతకు తక్కువైతే నెఫ్ట్ ఉంది. ఆన్‌లైన్‌లో రాత్రివేళ, ఆదివారం కూడా పంపవచ్చు. సాధారణంగా అరగంటలో చేరుతుంది. కాని ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా డబ్బు వేరొకరికి పోవచ్చు. తిరిగి రాబట్టడం కష్టం. పంపే ముందు ఖాతాదారు పేరు సరిచూసుకోండి.

డి.డి.: డబ్బు ముందే కడతాము గనుక చెక్కులాగా ఖాతాలో సొమ్ము లేదని తిరిగి రాదు. 20 వేలు, ఆపైన డి.డి. అయితే ఎవరి పేర తీశామో వారి ఖాతాలోనే జమ అవుతుంది. అయితే బ్యాంకు తెరచి ఉండాలి. 50 వేలు, ఆపైన అయితే నగదుకు ఇవ్వరు, మీ ఖాతా నుండే తీయాలి. 3 నెలలే చెల్లుతుంది. పోతే వెంటనే బ్యాంకుకు తెలపండి.

అత్యవసరమైతే ఆర్.టి.జి.ఎస్. మంచిది. ఆపరేషన్ తేదీ ముందే తెలిసి, ఆన్‌లైన్ అలవాటు లేని పెద్దలకు డి.డి. నిశ్చింత.

ఒక్క హెచ్చరిక. ఖాతా నంబరు బిల్లు కౌంటరులోనే అడిగి రాయించుకోండి. "ఆసుపత్రి నుండి" అంటూ ఫోనులో ఎవరు చెప్పినా ఆ నంబరుకు పంపవద్దు. పంపాక యు.టి.ఆర్. నంబరు కౌంటరులో చూపి, రసీదు తీసుకోండి.

ప్రభువు మీ ఇంటివారికి స్వస్థత దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్