ఇంటి మాట, గ్రంథపు మాట: గోదావరి ప్రాంత సంఘాలలో భాష, అక్షరాస్యత, గుర్తింపు

ఉపోద్ఘాతం

కొన్నేళ్ల క్రితం చింతూరు మండలంలోని ఒక కోయ గ్రామంలో తప్పిపోయిన కుమారుని ఉపమానం మీద ప్రసంగించాను. నలభై నిమిషాలు మాట్లాడాను. అందరూ తలలూపుతూ విన్నారు. కూడిక అయిన తరువాత వెనుక వరుసలో కూర్చున్న ఒక వృద్ధురాలు తన మనుమరాలిని పిలిచి కోయలో ఏదో అడిగింది. హైస్కూలు చదువుతున్న ఆ అమ్మాయి అయిదు నిమిషాలలో కథంతా కోయలో చెప్పింది. అప్పుడు ఆ వృద్ధురాలు నన్ను ఒక ప్రశ్న అడగమంది: "పెద్దకొడుకు చివరికి ఇంట్లోకి వచ్చాడా, బయటే ఉండిపోయాడా?"

ఆ ఉపమానంలో యేసుప్రభువు జవాబు చెప్పకుండా విడిచిపెట్టిన ప్రశ్న అదే. ఎన్నో సంఘాలలో ఆ భాగాన్ని బోధించాను గాని, తెలుగువారెవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఆమె నా ప్రసంగం విని అడగలేదు, మనుమరాలి మాట విని అడిగింది. తలలూపడాన్ని నేను అర్థమైందనడానికి గుర్తుగా తీసుకున్నాను. అది కేవలం మర్యాద అని ఆ రోజు తెలిసింది.

భాషకు, అక్షరానికి, మనిషి గౌరవానికి ఉన్న సంబంధాన్ని గోదావరి ప్రాంత క్రైస్తవ చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అక్షరం మనవారికి గౌరవాన్ని తెచ్చిపెట్టింది. కాని ఇంటి భాషను చిన్నచూపు చూసే అక్షరం విశ్వాసిని వాక్యానికి సగం దూరంలోనే నిలబెడుతుంది. ఈ రెండు సంగతులను కలిపి పట్టుకొనడం కాపరి బాధ్యత అని నా అభిప్రాయం.

1. మన ప్రాంతం ఒకే భాష ప్రాంతం కాదు

గోదావరి డెల్టా అనగానే అచ్చ తెలుగు సీమ అనుకుంటాము. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుని ఆస్థానంలో నన్నయ భారత రచనకు పూనుకున్నది రాజమహేంద్రవరంలోనే. అయినా ఇక్కడ ఏ కాలంలోనూ ఒకే భాష లేదు. పండితులకు సంస్కృతం, నవాబుల కచేరీలకు పారసీకం, కంపెనీ పాలన వచ్చాక ఇంగ్లీషు, 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఫ్రెంచి వాడుకలో ఉన్నాయి. పైన ఏజెన్సీలో కోయ భాష ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం కోయ మాట్లాడేవారు దేశంలో నాలుగు లక్షలకు పైగా ఉన్నారు.

కోయను చెడిపోయిన తెలుగు అని మనలో చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. అది గోండికి దగ్గరి భాష. తెలుగు, గోండి, కోయ, కువి మొదలైనవన్నీ ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మన పండుగ వారికి పండుమ్. అంటే కోయ తెలుగుకు తోబుట్టువే గాని పనిమనిషి కాదు.

అక్షరాస్యత విషయంలోనూ ఒక స్పష్టత అవసరం. ఏడేళ్లు, అంతకు పైబడిన వ్యక్తి ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకొంటూ చదవగలిగి, రాయగలిగితే జనాభా లెక్కలలో అక్షరాస్యుడు. 2011లో తూర్పు గోదావరిలో సుమారు 71 శాతం, పశ్చిమ గోదావరిలో సుమారు 74 శాతం అక్షరాస్యులు. ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం. అయితే ఏ భాషలో అక్షరాస్యుడు? తాను ప్రార్థించే భాషలోనేనా? ఇది జనాభా లెక్కలకు అక్కరలేని ప్రశ్న. సంఘానికి మాత్రం అక్కరైన ప్రశ్న.

2. అక్షరం తెచ్చిన గౌరవం

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు సేవకులు ఇంగ్లండు నుండి వచ్చి, తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో గోదావరి డెల్టా మిషను పనికి పునాది వేశారు. 1845లో జర్మను మిషనరీ వాలెట్ రాజమండ్రిలో లూథరన్ పనిని ప్రారంభించాడు. ఆ తరువాత దానిని అమెరికా లూథరన్లు స్వీకరించారు. వీరు ఎక్కడ ప్రార్థన స్థలం కట్టినా దాని పక్కనే, చాలాచోట్ల దానిలోనే, బడి పెట్టారు.

ఆ రోజుల్లో ఊరి వీధిబడి అరుగు మాల, మాదిగ పిల్లలకు అందనిది. చదువు వినడమే తప్పుగా ఎంచబడిన జనానికి ఒక పుస్తకం చేతికిచ్చి "ఇది నీది, చదువుకో" అనడం ఎంత పెద్ద మార్పో ఈనాడు ఊహించడం కష్టం. బాప్తిస్మం కొరకు సిద్ధపడేవారు పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన కంఠస్థం చేశారు. వారి పిల్లలు వాటిని చదివారు. మనుమలు ఉపాధ్యాయులు, కాపరులు అయ్యారు. మన సంఘాలలో అనేక కుటుంబాల చరిత్ర మూడే తరాలలో ఇలా మారింది.

వారి చేతికి వచ్చిన ఆ పుస్తకపు తెలుగు గ్రాంథికానికి దగ్గరైనది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషను సేవకులు క్రాన్, డెగ్రాంజిలు ఆనందరాయరు అనే పండితుని సహాయంతో సువార్తలను అనువదించారు. 1818లో సేరంపూరులో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. తరువాతి అనువాదాలు, సవరణలు కూడా పండితుల సహాయంతో జరిగినవే. కనుక చెప్పెను, వచ్చెను, యొద్ద, నిమిత్తము వంటి రూపాలు మన బైబిలులో స్థిరపడ్డాయి. మారుమనస్సు వంటి చక్కని తెలుగు సమాసాలు కూడా మన సంఘపు మాటలుగా నిలిచాయి.

ఈ గ్రాంథిక భాష పేదవారి నెత్తిన రుద్దిన బరువు మాత్రమే అనడం న్యాయం కాదు. ఊరిలో పెద్దవారు మాత్రమే పలికే భాషను పేటలోని కూలివాడు ఆదివారం నాడు నిలబడి తప్పు లేకుండా చదివితే, ఆ చదవడమే ఒక సాక్ష్యం. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువ పద్యాన్నే తన సాధనంగా ఎంచుకున్నాడు. తనను దూరం పెట్టినవారి ఛందస్సులోనే 1941లో "గబ్బిలం" వెలువరించాడు. గ్రంథపు భాష మీద మాకూ హక్కు ఉంది అని చెప్పడం కూడా ఒక విమోచనమే.

3. అదే అక్షరం గీసిన గీత

అయితే ఇదే చరిత్రకు రెండో వైపు ఉంది. గ్రంథపు మాట గౌరవం అయినప్పుడు ఇంటి మాట అవమానమైంది. మన విశ్వాసులు ప్రార్థనకు నిలబడగానే గొంతు మారిపోతుంది. అంతవరకు "ఆయ్, అలాగేనండి" అన్న మనిషి "మహోన్నతుడవైన తండ్రీ" అని మొదలుపెట్టి, అరువు మాటలు అయిపోగానే ఆగిపోతాడు. కొడుకు తాగుడు, వడ్డీ అప్పు, కౌలు చేలో మునిగిన పంట అతని మనస్సులోనే ఉండిపోతాయి. వాటికి గ్రంథపు మాటలు అతనికి దొరకవు. ప్రార్థించడం రాదని సిగ్గుపడి నోరు తెరవని స్త్రీలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వారికి రానిది ప్రార్థన కాదు, ఆ యాస మాత్రమే.

తెలుగు సాహిత్యంలో ఈ గీతను చెరపడానికి పూనుకున్నవారిలో ప్రముఖుడు గిడుగు రామమూర్తి (1863-1940). ఆయన వ్యావహారిక భాషావాదం అందరికీ తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. అంతకంటె ముందే ఆయన పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకొని, వారికి పాఠ్య పుస్తకాలు రాసి, బడులు పెట్టాడన్న సంగతి కొందరికే తెలుసు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. తెలుగు పిల్లవాడికి తాను మాట్లాడే తెలుగులో చదువు కావాలన్న వాదం, సవర పిల్లవాడికి సవరలో చదువు కావాలన్న వాదం ఆయన దృష్టిలో వేరు కావు. మనం మొదటిదాన్ని అంగీకరించి రెండోదాన్ని మరిచాము.

4. లేఖనాలలో భాష

(అ) నెహెమ్యా 8:8. ఎజ్రా ధర్మశాస్త్రాన్ని చదివినప్పుడు లేవీయులు జనుల మధ్య నిలిచి అర్థం తెలియజేశారు. ఇక్కడి "మెఫోరాష్" అనే హెబ్రీ మాటకు స్పష్టంగా, లేక వివరిస్తూ అని అర్థం. చెర నుండి వచ్చినవారి వాడుక భాష అరామిక్ గనుక ఇది ఆ భాషలో చెప్పిన వివరణ అని అనేక వ్యాఖ్యాతలు భావిస్తారు. గ్రంథాన్ని మార్చలేదు, జనులనూ విడిచిపెట్టలేదు. రెండింటి మధ్య మనుషులను నిలబెట్టారు. జనులు ఏడ్చింది, తరువాత సంతోషించింది అర్థమైనందువల్లనే (8:9-12).

(ఆ) నెహెమ్యా 13:24. అదే గ్రంథంలో, పిల్లలలో సగంమంది అష్డోదు భాష మాట్లాడుతూ యూదుల భాష ఎరుగకపోవడం చూచి నెహెమ్యా కోపగించాడు. భాష పోతే వాక్యంతో సంబంధం తెగుతుందన్న అతని భయం నిజమైనది. అయితే ఈ వచనాన్ని తల్లిదండ్రుల మీద కర్రగా వాడేవారు ఎనిమిదవ అధ్యాయాన్ని కూడా చదవాలి.

(ఇ) అపొ. కార్యములు 14:8-18. పౌలు, బర్నబాలు లుస్త్రలో బోధించారు. కుంటివాడు లేచి నడిచాడు. జనులు లుకయోనియ భాషలో కేకలు వేశారు. లూకా ఆ భాష పేరును ప్రత్యేకంగా చెప్పడంలో కారణం ఉంది. ద్యుపతి పూజారి ఎడ్లను, పూదండలను తెచ్చేవరకు, జనులు తమను దేవతలు అనుకుంటున్నారని అపొస్తలులు గ్రహించినట్లు కనబడదు. వారి బోధ జనులకు కొంత చేరింది, జనుల మాట మాత్రం వారికి చేరలేదు. సేవకుడు మాట్లాడగలగడం చాలదు, వినగలగాలి కూడా. చింతూరులో నా పరిస్థితి లుస్త్రలో వారి పరిస్థితే.

(ఈ) అపొ. కార్యములు 21:37-22:2. యెరూషలేములో పౌలు సహస్రాధిపతితో గ్రీకులో మాట్లాడాడు, జనసమూహంతో హెబ్రీ భాషలో మాట్లాడాడు. ఆ భాష వినగానే వారు ఇంకా నిశ్శబ్దమయ్యారు. ఒకే మనిషి రెండు భాషలనూ సిగ్గు లేకుండా వాడాడు. అనేక భాషలున్న సమాజంలో విశ్వాసికి ఇది మంచి మాదిరి.

5. నేటి రెండు పరీక్షలు

మొదటిది, కోయ విశ్వాసులు. 19వ శతాబ్దంలో అప్పటి గోదావరి జిల్లాలోని దుమ్ముగూడెంలో పనిచేసిన సైనిక ఇంజనీరు హేగ్, ఆయన తరువాత సి.ఎం.ఎస్. మిషనరీ జాన్ కెయిన్ కోయలను గురించి శ్రద్ధ వహించారు. కోయ భాషలో సువార్త భాగాలు ఆ శతాబ్దంలోనే అచ్చయ్యాయి. తరువాత తెలుగు సేవకులమైన మనం వెళ్లాము, తెలుగు కీర్తనలు, తెలుగు ప్రసంగం తీసుకువెళ్లాము. ఒకప్పుడు మన పేటలవారి ఇంటి మాటను తక్కువ చేసిన దృష్టినే మనం కోయ వారి మీద పెట్టాము.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతుంది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2004 ప్రాంతంలో కోయతో సహా 8 గిరిజన భాషలలో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది. ఈ విషయంలో ప్రభుత్వ బడి సంఘం కంటె ముందు నడిచింది. ఇప్పుడు పోలవరం ముంపు గ్రామాల నుండి కోయ కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలుతున్నాయి. అడవి, భూమి పండుగ జరిపిన నేల విడిచినవారికి వెంట తెచ్చుకోగలిగినది భాష ఒక్కటే. అక్కడ సంఘం కూడా తెలుగు మాత్రమే వింటానంటే, ఆ చివరి ఆస్తి కూడా ఒక తరంలో పోవచ్చు.

రెండవది, మన పిల్లలు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టడానికి ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. అయినా తల్లిదండ్రుల మొగ్గు ఇంగ్లీషు వైపే. వారిని నిందించే ముందు ఆలోచించాలి. మన తాతలు గ్రంథపు తెలుగును ఏ గౌరవం కొరకు పట్టుకున్నారో, వీరు ఇంగ్లీషును ఆ గౌరవం కొరకే పట్టుకున్నారు. పెద్ద కులాల పిల్లలు ఎప్పటినుండో చదువుతున్నదాన్ని పేట పిల్లలు చదవకూడదనడం ప్రసంగపీఠానికి తగదు. కాని ఫలితం కూడా చూడాలి. సండేస్కూలు పిల్లలు తెలుగు పాటలను ఇంగ్లీషు అక్షరాలలో రాసుకొని పాడుతున్నారు. వారు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఇంటిలో నాయనమ్మ బైబిలు వారికి మూసిన పుస్తకం.

6. కాపరులకు కొన్ని సూచనలు

1) వాక్యపఠనం మన పాత అనువాదంలోనే జరగవచ్చు. చదివిన వెంటనే అదే భాగాన్ని ఊరి మాటలో ఒకసారి చెప్పండి. లేవీయుల పని ఇదే.

2) ప్రార్థనలో ఎవరి యాసనూ దిద్దవద్దు, నవ్వనివ్వవద్దు. పేతురు పలుకును బట్టి అతడు గలిలయవాడని పరాయివారు గుర్తుపట్టారు (మత్తయి 26:73). ప్రభువు ఆ పలుకును మార్చకుండానే అతనికి గొర్రెలను అప్పగించాడు.

3) వేసవి బైబిలు తరగతులలో పది రోజులు, రోజుకు అరగంట తెలుగు అక్షరాలకు కేటాయించండి. గుణింతాల తరువాత పిల్లలకు నోటికి వచ్చిన కీర్తననే చదివించండి. తెలిసిన మాటలు గనుక త్వరగా పట్టుకుంటారు.

4) ఏజెన్సీలోను, పునరావాస కాలనీలలోను ప్రసంగం తగ్గించి కథ చెప్పండి. తరువాత ఒక కోయ విశ్వాసిచేత కోయలో తిరిగి చెప్పించండి. ఆ తరువాత వచ్చే ప్రశ్నలు రాసుకోండి. అవే వచ్చే వారపు పాఠం.

5) వేదాంత విద్యార్థులు హెబ్రీ, గ్రీకు నేర్చుకుంటున్నారు. ఇది అవసరం. ఏజెన్సీ పరిచర్యకు వెళ్లేవారికి ఒక సంవత్సరమైనా కోయ నేర్పే ఏర్పాటు కూడా అంతే అవసరం.

ముగింపు

మన పితరులకు ఎవరో ఒక పుస్తకం ఇచ్చి, చదవడం నేర్పి, వారిని మనుషులుగా చూశారు. ఆ మేలు పొందిన మనం ఇప్పుడు ఇచ్చే స్థానంలో ఉన్నాము. ఇచ్చేటప్పుడు పుచ్చుకునేవాని ఇంటి భాషను గుమ్మం బయట విడిచి రమ్మనకూడదు.

ఆ వృద్ధురాలి ప్రశ్నకు ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేదు. పెద్దకొడుకు లోపలికి వచ్చాడో లేదో లూకా రాయలేదు. తండ్రి మాత్రం వెలుపలికి వచ్చి అతనిని బతిమాలుకున్నాడు. బయట నిలిచినవాని దగ్గరకు తానే వెళ్లడం తండ్రి పద్ధతి. భాష విషయంలో కాపరికీ అదే పద్ధతి.