ఆటల లాప్‌టాప్‌ను అధిక వేగముతో నడుపుట లాభమా?

ఆటల కొఱకు ప్రత్యేకముగా తయారైన లాప్‌టాప్‌లు నేడు అనేకమంది విద్యార్థుల ఇండ్లలో కన్పట్టుచున్నవి. సామాన్యమైన లాప్‌టాప్ కంటె వీటి వెల ఎక్కువ. ఆట కొఱకే కొన్నను, పాఠములు చదువుట, ప్రోగ్రాములు వ్రాయుట, పరీక్షలకు దరఖాస్తు పంపుట అన్నియు దానిమీదనే జరుగును. అట్టి యంత్రమును, తయారుచేసినవారు నిర్ణయించిన వేగమునకు మించి నడుపవచ్చునని, అందుకు ఒక్క రూపాయియైనను ఖర్చు లేదని తెలిసినప్పుడు విద్యార్థికి ఆశ పుట్టుట సహజము. ఈ పనికే ఓవర్‌క్లాకింగు అని పేరు. ఇందువలన లాభమెంత, నష్టమెంత? ఈ ప్రశ్నకు సమాధానము ఉన్నత పాఠశాలలో చెప్పుకొను భౌతికశాస్త్రముతోనే లభించును.

క్లాకు అనగా నేమి?

కంప్యూటరులో లెక్కలు చేయు భాగము ప్రాసెసరు. వ్రేలిగోరంత సిలికాను పలకపై కోట్లకొలది ట్రాన్సిస్టరులు ఇందులో ఇమిడియుండును. ప్రతి ట్రాన్సిస్టరు ఒక చిన్న స్విచ్చి వంటిది. ఇన్ని స్విచ్చులును ఒకదానితో నొకటి పొసగునట్లు పనిచేయవలెనన్నచో, అన్నిటికిని ఒకే తాళము కావలెను. భజనలో పాడువారందరు చిడతల తాళమును అనుసరించినట్లే, ప్రాసెసరులోని భాగములన్నియు క్లాకు స్పందనలను అనుసరించును. సెకండునకు ఎన్ని స్పందనలు కలవో అదియే క్లాకు పౌనఃపున్యము. దీనిని హెర్ట్జులలో కొలుతురు.

1971లో వెలువడిన ఇంటెల్ 4004 ప్రాసెసరులో సుమారు 2,300 ట్రాన్సిస్టరులుండెను. దాని క్లాకు సెకండునకు 7 లక్షల 40 వేల స్పందనల వరకు పోయెడిది. నేటి ఆటల లాప్‌టాప్‌లలోని ప్రాసెసరులు 5 గిగాహెర్ట్జులను, అనగా సెకండునకు 500 కోట్ల స్పందనలను, దాటగలవు. ఈ వేగమున ఒక స్పందనకును మరియొక స్పందనకును నడుమ కాంతి సైతము 6 సెంటీమీటర్లు మాత్రమే పోగలదు. ఆ స్వల్పవ్యవధిలోనే స్విచ్చులన్నియు మారి, సమాధానము స్థిరపడవలెను. స్థిరపడకమునుపే తరువాతి తాళము పడినచో లెక్క తప్పును.

తాళమును త్వరపెట్టదలచినవారు, కనుక, స్విచ్చులను కూడ త్వరపెట్టవలెను. వోల్టేజిని కొంచెము పెంచినచో ట్రాన్సిస్టరులు త్వరగా మారును. వేగమునకు వోల్టేజియే వెల. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఒకప్పటి లాభము

ఓవర్‌క్లాకింగు నేడు పుట్టినది కాదు. 1984లో ఐబిఎం కంపెనీ విక్రయించిన ఏటి అను కంప్యూటరు 6 మెగాహెర్ట్జుల వేగముతో నడిచెడిది. అందులో 12 మెగాహెర్ట్జుల క్వార్ట్జు స్ఫటికము ఒకటి యుండెను. కొందరు దానిని ఊడదీసి, 16 మెగాహెర్ట్జుల స్ఫటికమును అమర్చి, యంత్రమును 8 మెగాహెర్ట్జులతో నడిపిరి. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ ప్రాసెసరును 300 మెగాహెర్ట్జుల నుండి 450 మెగాహెర్ట్జులకు పెంచి వాడుకొన్నవారు అనేకులు. అనగా చేసిన ఖర్చు ఏమియు లేక నూటికి 50 వంతుల వేగము లభించినది!

అది యెట్లు సాధ్యమైనది? ఒకే కర్మాగారమున తయారైన ప్రాసెసరులన్నియు ఒకే తీరున ఉండవు. కొన్ని అధిక వేగమునకు తాళును, కొన్ని తాళవు. తయారుచేయువారు అన్నియు నిలువగల వేగమునే చీటిపై వ్రాసి విక్రయించెడివారు. చీటిపైనున్న వేగమునకును, యంత్రము తాళగల వేగమునకును నడుమ మిగులుండెడిది. ఆ మిగులే వాడుకరికి లాభము.

ఆ మిగులు నేడేమైనది?

2008 చివరి భాగమున ఇంటెల్ కంపెనీ టర్బో బూస్టు అను ఏర్పాటును తన ప్రాసెసరులలో ప్రవేశపెట్టినది. ప్రాసెసరు తన ఉష్ణోగ్రతను, తాను వాడుకొను విద్యుత్తును క్షణక్షణము కొలుచుకొనుచు, వీలున్నంతవరకు తన క్లాకును తానే పెంచుకొనును. 2023లో లాప్‌టాప్‌ల కొఱకు వెలువడిన కోర్ ఐ9-13900హెచ్‌ఎక్స్ ప్రాసెసరును చూడుడు. దాని మూల వేగము 2.2 గిగాహెర్ట్జులు, అది తనంతట తాను చేరగల గరిష్ఠ వేగము 5.4 గిగాహెర్ట్జులు. మూల స్థితిలో దానికి 55 వాట్లు చాలును. టర్బో స్థితిలో 157 వాట్ల వరకు పోవచ్చును.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టము. పూర్వము వాడుకరి చేసిన పనిని నేడు యంత్రమే చేసికొనుచున్నది. అది ఆగుచున్నచోట ఆగుటకు ముఖ్య కారణము వేడి. కావున నేటి ప్రశ్న "వేగమును పెంచవచ్చునా?" అనునది కాదు, "పుట్టిన వేడి పోవుటకు దారి కలదా?" అనునది.

వేడి లెక్క

స్విచ్చులు మారుటవలన ప్రాసెసరు ఖర్చుచేయు సామర్థ్యమును, అనగా వాట్లను, ఈ సూత్రము తెలుపును:

సామర్థ్యము = కెపాసిటెన్సు × వోల్టేజి × వోల్టేజి × పౌనఃపున్యము

(స్విచ్చులు మారకున్నను స్వల్పముగా కారిపోవు విద్యుత్తు వేరుగా కలదు. సౌలభ్యమునకై దానిని ఇచట విడిచితిమి.)

ఈ సూత్రములో వోల్టేజి రెండుమార్లు వచ్చుటయే కీలకము. 100 వాట్లు తీసికొను ప్రాసెసరు క్లాకును నూటికి 10 వంతులు, వోల్టేజిని నూటికి 5 వంతులు పెంచితిమనుకొందము. 1.10 × 1.05 × 1.05 = 1.21. అనగా 121 వాట్లు కావలెను. వోల్టేజిని కూడ 10 వంతులు పెంచవలసివచ్చినచో 133 వాట్లగును. వేగము పెరిగినది పదియవ వంతు. వేడి పెరిగినది అయిదవ వంతు మొదలు మూడవ వంతు వరకు.

ఈ వేడి ఎటు పోవును? లాప్‌టాప్‌లో ప్రాసెసరును ఆనుకొని సన్నని రాగి నాళములుండును. వీటిని హీట్‌పైపులందురు. నాళములో గాలి తీసివేసి కొద్దిపాటి ద్రవము ఉంచుదురు. వేడి తగిలినచోట ద్రవము ఆవిరియై గుప్తోష్ణమును గ్రహించి, రెండవ కొసకు పోయి, చల్లబడి మరల ద్రవమగును. అచట పలుచని రేకుల నడుమనుండి పంకా గాలిని తోలి, వేడిని బయటికి పంపును. పద్ధతి చక్కనిదే. కాని రెండు మూడు సెంటీమీటర్ల దళసరి గల పెట్టెలో రేకులకును, పంకాకును చోటు తక్కువ. బల్లపైనుండు పెద్ద కంప్యూటరులో వలె వాటిని పెంచుటకు వీలుండదు.

వేడికి దారి దొరికినచో వేగము ఎంత పెరుగునో తెలుపు ఉదాహరణ ఒకటి కలదు. 2011లో ఏఎండి కంపెనీవారి ఎఫ్‌ఎక్స్ ప్రాసెసరును 8.429 గిగాహెర్ట్జుల వేగముతో నడిపి గిన్నిస్ రికార్డు స్థాపించిరి. అందుకు వారు దానిని ద్రవ హీలియముతో చల్లబరచిరి. హీలియము సున్నకు దిగువ 269 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగును! ఇది ప్రదర్శనకు తగునే కాని ఇంటికి తగదు.

పెంచినచో తగ్గుట

ఇక అసలు సంగతికి వత్తము. ఒక లాప్‌టాప్‌లో ప్రతి వాటునకు ప్రాసెసరు ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత కంటె 0.75 డిగ్రీ పెరుగుననుకొందము. ప్రాసెసరుకు హద్దు 100 డిగ్రీలు. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు 75 డిగ్రీల పెరుగుదలకు అవకాశము కలదు. అది 100 వాట్లకు సరిపోవును. అంతకు మించినచో ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు క్లాకును తగ్గించుకొనును.

అట్లు హద్దును తాకియున్న యంత్రములో వోల్టేజిని నూటికి 5 వంతులు పెంచినచో ఏమగును? వాట్లు 100కు మించరాదు. ప్రతి స్పందనకు అగు ఖర్చు 1.05 × 1.05, అనగా 1.10 రెట్లైనది. కనుక అదే 100 వాట్లతో జరుగగల స్పందనలు నూటికి 9 వంతులు తగ్గును. వేగము కోరి వోల్టేజిని పెంచినవానికి వేగము తగ్గును! దీనికి విపర్యయముగా వోల్టేజిని 5 వంతులు తగ్గించి, ప్రాసెసరు తప్పులు లేక పనిచేయగలిగినచో, అదే వేడికి సుమారు 11 వంతులు ఎక్కువ స్పందనలు లభించును. వోల్టేజిని తగ్గించు ఈ పద్ధతికి అండర్‌వోల్టింగు అని పేరు.

మన ప్రాంతపు ఎండలను కూడ లెక్కలోనికి తీసికొనవలెను. మే మాసములో రామగుండము, రెంటచింతల వంటి చోట్ల గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలుండుట అరుదు కాదు. అప్పుడు పై లాప్‌టాప్‌కు మిగులు అవకాశము 60 డిగ్రీలు. అనగా 80 వాట్లు మాత్రమే. చలికాలమున దొరికిన సామర్థ్యములో అయిదవ వంతు ఎండకే పోయినది.

ఆటలో కనిపించు లాభమెంత?

ఆట నడుచునప్పుడు రెండు ప్రాసెసరులు పనిచేయును. ఒకటి ఆట నియమములను లెక్కించును; మరియొకటి, గ్రాఫిక్సు ప్రాసెసరు, తెరపై బొమ్మలను గీయును. గీయునది వెనుకబడియుండగా లెక్కించుదానిని త్వరపెట్టుట వ్యర్థము. పెనము ఒక్కటే యున్నప్పుడు పిండి రుబ్బువాడు ఎంత తొందరపడినను దోసెలు ఎక్కువ రావు. పైగా అనేక లాప్‌టాప్‌లలో ఈ రెండు ప్రాసెసరులకు హీట్‌పైపులు ఉమ్మడిగా నుండును. ఒకదాని వేడి రెండవదానిని కూడ మందగింపజేయును.

గ్రాఫిక్సు ప్రాసెసరునే 5 వంతులు పెంచితిమనుకొందము. సెకండునకు 60 బొమ్మలు వచ్చుచోట గరిష్ఠముగా 63 వచ్చును. ఒక్కొక్క బొమ్మకు 16.7 మిల్లీసెకండ్లకు బదులు 15.9 మిల్లీసెకండ్లు పట్టును. తెర సెకండునకు 60 మార్లే మారునదైనచో ఈ మూడు బొమ్మలు కంటికి కనిపించనే కనిపించవు.

నష్టములు

మొదటిది లెక్క తప్పుట. యంత్రము ఉన్నట్టుండి నిలిచిపోయినచో కనీసము తెలియును. తెలియకుండ దస్త్రములో ఒక అంకె మారుట అంతకంటె ప్రమాదకరము. ఆటలో అట్టి తప్పు క్షణమున మరుగునపడును. ప్రాజెక్టు నివేదికలో నిలిచిపోవును.

రెండవది ప్రాసెసరు ఆయుస్సు తగ్గుట. అధిక వోల్టేజి, అధికోష్ణము సిలికానులోని సన్నని పొరలను, తీగలను క్రమముగా చెఱచును. 2024లో ఇంటెల్ కంపెనీవారి 13వ, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసరులు కొన్ని అస్థిరముగా పనిచేయసాగినవి. అవసరమునకు మించిన వోల్టేజి అందుటయే ఇందుకు కారణమని ఆ కంపెనీ జులైలో ప్రకటించి, ఆగస్టులో దిద్దుబాటు విడుదల చేసి, వారంటీని మరి రెండు సంవత్సరములు పొడిగించినది. ఆ దిద్దుబాటు కొత్తగా చెడకుండ కాపాడుటకే కాని, అంతకుముందే చెడినదానిని బాగుచేయలేదు. లాప్‌టాప్‌లో ప్రాసెసరు బోర్డునకు టంకము వేసి అతికించియుండును. అది చెడినచో సాధారణముగా బోర్డునే మార్చవలసివచ్చును. ఓవర్‌క్లాకింగువలన చెడినదానికి వారంటీ వర్తించకపోవచ్చును కూడ.

చేయదగిన పనులు

ముందుగా వేడికి దారి చూపవలెను. పంకాలోను, రేకులలోను చేరిన దుమ్మును తీయించవలెను. లాప్‌టాప్‌ను పరుపుపై నుంచరాదు. బల్లపై నుంచి, వెనుకభాగమును రెండంగుళములు ఎత్తవలెను. కొన్ని సంవత్సరములు వాడినదైనచో, ప్రాసెసరునకును రాగి పలకకును నడుమనుండు థర్మల్ పేస్టును తెలిసినవారిచే మార్పించవలెను. తెర చూపలేనన్ని బొమ్మలు గీయకుండ ఆటలోనే పరిమితి పెట్టవలెను.

అండర్‌వోల్టింగునకు వీలున్నచో స్వల్పముగా తగ్గించుచు, ప్రతిమారు పరీక్షించి చూడవచ్చును. ఈ వీలు అన్ని యంత్రములలో లేదు. వోల్టేజిని తగ్గించి ప్రాసెసరులోని రహస్యములను రాబట్టవచ్చునని 2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్, గ్రాజ్, ల్యూవెన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు ప్రకటించిరి. అటుపిమ్మట అనేక లాప్‌టాప్‌లలో ఆ అవకాశమును మూసివేసిరి. గ్రాఫిక్సు ప్రాసెసరు హద్దునకు చాల దిగువ ఉష్ణోగ్రతలో నడుచుచున్నచో, వోల్టేజిని ముట్టక క్లాకును మాత్రము కొద్దికొద్దిగా పెంచి చూచుటలో ప్రమాదము తక్కువ. లాభము కూడ తక్కువే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చక్కని ప్రయోగముగా చేయించవచ్చును. ఒక లాప్‌టాప్‌పై ఆటను 20 నిమిషములు నడిపి, నిమిషమునకొకమారు ఉష్ణోగ్రతను, క్లాకు వేగమును వ్రాసికొనవలెను. తరువాత దానిని చల్లారనిచ్చి, వెనుకభాగమును ఎత్తియుంచి అదే ప్రయోగమును మరల చేయవలెను. ఉదయమొకమారు, మిట్టమధ్యాహ్నమొకమారు చేసినచో ఇంకను మేలు. ఆ అంకెలను గ్రాఫు కాగితముపై గుర్తించిన విద్యార్థికి, తన యంత్రము ఏ హద్దువద్ద ఆగుచున్నదో తానే తెలియును. ఆ హద్దు ఉష్ణోగ్రతయైనచో క్లాకును పెంచి ప్రయోజనము లేదు; వేడికి దారి చూపిన మేరకే వేగము పెరుగును.